పచ్చి కర్ర ఎందుకు పగులుతుంది? – హోడ్లీ గ్రంథ విమర్శ

తరిమెన మీద పచ్చి కర్రను పట్టడం సులువు. ఉలి తగలగానే తడి పేళ్లు పొడవుగా లేస్తాయి, దుమ్ము రేగదు. ఎండిన ఓక్ కర్రనైతే ఉలికి మాటిమాటికీ పదును పెట్టుకోవలసిందే. చిక్కు ఆ తరువాత వస్తుంది. లావుపాటి మంచంకోడు ఒకటి పచ్చిగా ఉండగానే నునుపుగా తీర్చి ఎండలో పెడితే, అది నిలువునా నెర్రె విచ్చుతుంది.

దీనికి తృప్తికరమైన సమాధానం ఇచ్చే గ్రంథాలలో ముఖ్యమైనది ‘అండర్‌స్టాండింగ్ వుడ్’. అమెరికాలోని మాసచూసెట్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉండిన బ్రూస్ హోడ్లీ దీనిని 1980లో ప్రచురించి, 2000లో సవరించారు.

కర్రలో నీరు రెండు విధాలు. కణాల బోలులో నిలిచినది స్వేచ్ఛాజలం. కణకవచాలలో ఇంకినది బంధితజలం. కుండలోని నీరు పారబోస్తే కుండ చిన్నది కాదు. పచ్చికుండ గోడలోని తడి ఆరితేనే అది కుంచించుకుంటుంది. కర్ర కూడా అంతే. ఎండు బరువులో తేమ సుమారు 30 శాతానికి దిగేదాకా సంకోచం ఉండదు. దీనినే తంతు సంతృప్త స్థానం అంటారు.

సంకోచం అన్ని దిక్కులా సమానం కాదు. ఉత్తర అమెరికా ఎర్ర ఓక్ పూర్తిగా ఎండితే వ్యాసార్ధం 4 శాతం, వలయాల వెంబడి 8.6 శాతం తగ్గుతుంది. దవ్వ నడుమనున్న గుండ్రని బిళ్లను లెక్కకు తీసుకోండి. చుట్టుకొలత 0.914 వంతుకు రావాలి, వ్యాసార్ధం 0.960 వంతు దగ్గరే ఆగుతుంది. భాగిస్తే 0.952. అంటే 360 డిగ్రీలలో సుమారు 17 డిగ్రీల మేర కర్ర చాలదు! ఆ లోటే నెర్రె. దవ్వను వదలి చీల్చిన దుంగనే తరిమెనకు ఎక్కించాలనడానికి కారణం ఇదే.

గ్రంథంలో బాగా ఉపయోగపడేది సంకోచ సూత్రం: వెడల్పును సంకోచ శాతంతోను, తగ్గిన తేమతోను గుణించి, సంతృప్త స్థానంతో భాగించాలి. 10 సెంటీమీటర్ల ఓక్ కోడు 30 శాతం నుండి 10 శాతానికి ఆరితే, వలయాల వెంబడి 0.57 సెంటీమీటరు తగ్గి కోలగా మారుతుంది. కనుక మొదట ముతకగా, లావుగా పట్టి, ఆరిన తరువాత మళ్లీ తిప్పి గుండ్రం చేయాలి.

అయితే తేమ కర్ర అంతటా ఒకే తీరుగా ఉన్నదని ఈ సూత్రం అనుకుంటుంది. లావు కర్రలో అది నిజం కాదు. పైపొర 15 శాతానికి దిగినప్పుడు లోపల 60 శాతం ఉండవచ్చు. సగటు 30కి పైనే ఉన్నది కనుక సంకోచం లేదని సూత్రం చెబుతుంది. కళ్లెదుట మాత్రం కర్ర పగులుతూ ఉంటుంది! పైపొర కుంచించుకోబోగా లోపలి కర్ర అడ్డుకొనడమే దీనికి కారణం. హోడ్లీకి ఇది తెలియనిది కాదు. ఆరబెట్టడం గురించిన అధ్యాయంలో చక్కగానే వివరించారు. కాని ఆ హెచ్చరిక సూత్రం పక్కనే ఉండవలసింది. సూత్రాన్ని మాత్రమే ఎత్తి రాసుకునే విద్యార్థులు తక్కువేమీ కాదు.

అంగుళం మందానికి ఏడాది అనే వడ్రంగుల లెక్కకూడా లావు కర్ర దగ్గర తప్పుతుంది. నీరు వ్యాపనం ద్వారానే బయటికి రావలసిన దశలో, మందం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లకు దగ్గరపడుతుంది. కొసల నుండి మాత్రం తేమ చాలా త్వరగా పోతుంది. అందుకే అక్కడ మైనం పూయడం.

మరొక లోపం మనవారికి తగిలేది. కొలతలు ఎక్కువగా అంగుళాలలో ఉన్నాయి. ఉదాహరణలు అమెరికా చెట్లవి, అమెరికా ఇళ్లవి. అక్కడ గృహోపకరణాలకు 8 శాతం తేమ తగును. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 80 శాతం, ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెంటిగ్రేడు ఉన్నచోట కర్ర సుమారు 16 శాతం దగ్గర నిలుస్తుంది. అంత ఆర్ద్రత ఉండే మన కోస్తా వర్షాకాలంలో 8 శాతానికి ఆర్చిన కర్ర మళ్లీ ఉబ్బుతుంది.

తేమను తూచి తెలుసుకునే పద్ధతి మాత్రం ఏ ఉన్నత పాఠశాలలోనైనా చేయదగినది. కొసకు దూరంగా కోసిన పలుచని ముక్కను తూచి, 103 డిగ్రీల దగ్గర బరువు మారకుండా నిలిచేదాకా ఆర్చి, మళ్లీ తూచాలి. 50 గ్రాముల ముక్క 32 గ్రాములైతే, పోయిన 18ని 32తో భాగించాలి, 50తో కాదు. జవాబు 56 శాతం. ఇలా లెక్కిస్తే కొన్ని పచ్చి కర్రలకు 100 శాతం దాటి కూడా వస్తుంది.