కొండ, కొండ్ర, నలభై పిన్నుల డిస్కు

రెండేళ్ళ కిందట ఒక కవి గురించి రాస్తూ, ఆయన కవిత్వమంతా ఒక కొండ చుట్టూ తిరుగుతుందని తేల్చాను. ఆ మాట తప్పని ఇప్పుడు తెలుసు. ఎలా తెలిసిందో చెప్పాలంటే ఒక పాత కంప్యూటరు గురించి, దానికి దొరకని హార్డ్ డిస్కు గురించి చెప్పాలి.

కవిది ఉదయగిరి మెట్టలో ఒక పల్లె. బతికుండగా పుస్తకం రాలేదు. 2001లో ఆత్మకూరులో డీటీపీ చేయించుకున్నారు, ప్రూఫులు కూడా దిద్దుకున్నారు, అచ్చుకి డబ్బు సమకూరక అక్కడే ఆగిపోయారు. తర్వాత కొన్నేళ్ళకి ఆయనే పోయారు. చేతిరాత నోటుపుస్తకాలు చెదలపాలయ్యాయి. కొడుకు ఆ డీటీపీ ఫైలుని యూనికోడ్‌లోకి మార్పించి, పీడీఎఫ్ చేసి తెలిసినవాళ్ళకి పంచారు. నా చేతికొచ్చింది అదే. పేరు ఇక్కడ రాయడం లేదు. తప్పు నాది, ఆయన పేరుకి దాన్ని అంటించడం బాగోదు. ఇంట్లోవాళ్ళు సరిచేసిన ప్రతి తెస్తున్నారు, అప్పుడు మీకే తెలుస్తుంది.

ఆ పీడీఎఫ్‌లో ‘కొండ’ అనే మాట ఇంచుమించు ముప్ఫై చోట్ల ఉంది. కొండ వేయడం, కొండ తడవడం, కొండలో అడుగు దిగబడటం. ఒకచోట కవి ‘కొండ ముగించి’ నీళ్ళు తాగుతాడు. ఈ ముక్క మీద నేనొక పేరా మొత్తం రాశాను. ఉదయగిరి దుర్గం కింద పుట్టినవాడికి కొండ అంటే చరిత్ర బరువు అని, దాన్ని ‘ముగించి’ దప్పిక తీర్చుకోవడం గతం నుంచి విడుదలని. అంతటితో ఊరుకోలేదు. కాళ్ళ కింద నేలని చూడకుండా తలెత్తి దుర్గాన్నే చూసే కవి అని కూడా అన్నాను. కాస్త గర్వంగానే రాసుంటాను, చదివినవాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

తర్వాత ఒకసారి ఆ ఊరెళ్ళినప్పుడు కవిగారి తమ్ముడు, డెబ్భై దాటిన రైతు, ఆ వ్యాసం ఎవరిచేతో చదివించుకున్నాడట. నన్ను కూర్చోబెట్టి అడిగాడు: “కొండ ముగించేదేంది నాయనా? కొండ్ర ముగించేది. మా అన్న మడక దున్నినోడు. కొండ్ర పూర్తిగాకుండా నీళ్ళకు పోడు.”

కొండ్ర. దున్నడానికి ముందు చేనులో నాగలితో గీసి విడదీసుకునే భాగం. ఒక కొండ్ర పూర్తయ్యాక ఇంకో కొండ్ర పడతారు. ఈ అర్థం పెట్టుకుని పీడీఎఫ్ మళ్ళీ చదివితే నాకు ఒళ్ళు చల్లబడింది. కొండ్ర వేయడం, కొండ్ర తడవడం, కొండ్రలో అడుగు దిగబడటం. అధివాస్తవికత అనుకున్నదంతా ఉత్త సేద్యం. నేల చూడని కవి అని నేను తిట్టినాయన నేల తప్ప వేరేది పెద్దగా చూడలేదు.

అయితే ఇది ఒక ముసలాయన మాట. నిజంగా ఫైల్లో ఏముందో చూడాలి. చిక్కు అక్కడే మొదలైంది.

యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. విండోస్‌లో మామూలు మనుషులకి అందింది మాత్రం 2001లో, ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చాకే. ఈలోపల, ఆ తర్వాత చాలా ఏళ్ళ దాకా కూడా, మన పుస్తకాలన్నీ పేజ్‌మేకర్లో, ఒక్కో కంపెనీ సొంత ఫాంట్లలో తయారయ్యాయి. ఆ ఫాంట్లకి అక్షరం తెలియదు, ఆకారమే తెలుసు. ఇంగ్లీషు అక్షరాలు కూర్చోవలసిన గడుల్లో తలకట్టు ఒకటి, కొమ్ము ఒకటి, వత్తు ఒకటి ముక్కలుగా పెట్టి, తెర మీద పక్కపక్కన అతికించి ‘తెలుగు’ చూపించేవి. క్రావడికైతే వెడల్పుని బట్టి రెండు మూడు ఆకారాలు. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు గీతలు. పాత రోజుల్లో నెట్‌లో దినపత్రికలు చదవడానికి ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు వేసుకున్నవాళ్ళకి ఈ గోల గుర్తుండే ఉంటుంది. ఏ గడిలో ఏ ముక్క ఉందో పట్టిక రాసుకుని, దాన్ని యూనికోడ్ అక్షరంగా మార్చడమే కన్వర్టర్ పని. పట్టికలో ఒక్క ముక్క తప్పిపోతే అది కనబడిన ప్రతిచోటా తప్పిపోతుంది.

ఇక్కడ జరిగింది అదేనని నా అనుమానం. సున్న తర్వాత వచ్చే డ, ద లాంటి అక్షరాలకి వాడిన క్రావడి ఒకటి పట్టికలో లేదు. అలాగైతే ‘తండ్రి’ కూడా ‘తండి’ కావాలి కదా? అయింది! కొడుకుని అడిగితే చెప్పారు: ‘తండి’, ‘చందుడు’, ‘గుండంగా’ లాంటివి కనబడితే తనే కూర్చుని దిద్దానని. చూడగానే తప్పని తెలిసేవి దిద్దారు. కొండ తప్పులా కనబడలేదు. ఉదయగిరిలో ఎవరికి కనబడుతుంది? తలెత్తితే ఉండేది అదే.

తాళపత్రాల కాలం నుంచీ మనకి లేఖకదోషం తెలుసు. పక్క జిల్లా కడపలో బ్రౌన్ దొర పండితులని కూర్చోబెట్టి ఒకే కావ్యం ప్రతులు నాలుగైదు పక్కపక్కన పెట్టించి పాఠాలు సరిచూయించింది దీనికే. కానీ చేత్తో రాసే మనిషి ఒకచోట కునుకు తీస్తాడు, మరోచోట లేస్తాడు. అతని తప్పులు అక్కడక్కడ ఉంటాయి, అందుకే తప్పుల్లాగే కనబడతాయి. కన్వర్టర్ కునుకు తీయదు. ఒకే తప్పుని ముప్ఫైసార్లూ అంతే శ్రద్ధగా చేస్తుంది. మనం, అంటే విమర్శకులం, పుస్తకంలో వెతికేది ఏమిటి? మళ్ళీ మళ్ళీ వచ్చే మాట, తిరిగి తిరిగి వచ్చే బొమ్మ. దొరగ్గానే దాన్ని శైలి అంటాం, అబ్సెషన్ అంటాం, ఇంకా ఉత్సాహం ఉంటే మోటిఫ్ అంటాం. నేను ఆ కవి మోటిఫ్ అని కనిపెట్టింది ఒక పట్టికలో ఖాళీ గడిని.

స్కాన్ చేసిన పాత పుస్తకాలతో ఈ భయం లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా బొమ్మల్లో పేజీ వంకరపోతుంది, అంచు తెగుతుంది, పనిచేసినవారి వేలు పడుతుంది. అయినా చెడింది చెడినట్టే కళ్ళకి కనబడుతుంది. మార్చిన పాఠం శుభ్రంగా ఉంటుంది.

సరే, ఫైలు. ఆత్మకూరు డీటీపీ అన్న దాన్ని సీడీలో దాచాడు, ఆ సీడీ ఇప్పటికీ చదవబడుతోంది. ఫాంటు ప్యాకేజీ ఇన్‌స్టాలేషన్ సీడీ కూడా ఉంది. కానీ ఆ ప్యాకేజీకి వెనక ప్రింటర్ పోర్టుకి తగిలించే లాకు ఉంటేనే అది తెరుచుకుంటుంది. నా ల్యాప్‌టాప్‌కి ఆ పోర్టు లేదు. పోర్టు ఉన్న యంత్రం, అప్పటి పెంటియం త్రీ, అంగడి వెనక గదిలో గోనెపట్టా కింద ఉంది. “మిషను బాగానే ఉండాది సార్. డిస్కే పొయ్యుండాది. టక్కు టక్కుమంటాది, అంతే,” అన్నాడు. అంటే కావలసింది ఒక్క ముక్క. నలభై పిన్నుల ఐడీఈ హార్డ్ డిస్కు.

విదేశాల్లో సన్ అనీ సిలికాన్ గ్రాఫిక్స్ అనీ పాత వర్క్‌స్టేషన్లని బతికించుకునే సరదా మనుషులుంటారు. వాళ్ళ యంత్రాలవి స్కజీ డిస్కులు. అవి దొరక్క, మెమరీ కార్డుని డిస్కులా నటింపజేసే చిన్న బోర్డులు తయారుచేసుకున్నారు. వాళ్ళ రాతలు చదివి నేనూ ధైర్యం తెచ్చుకున్నాను. మనవాళ్ళ వర్క్‌స్టేషన్ మాత్రం తలా ఒక పార్టూ కొని కూర్చిన డబ్బా, పైన పసుపు బొట్టు.

2003 నుంచి సాటా వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే ఐడీఈ డిస్కుల తయారీ సన్నగిల్లిపోయింది. నెల్లూర్లో కంప్యూటరు అంగళ్ళవాళ్ళు నవ్వారు. పాత ఇనప సామాను కొట్లో ఒక బస్తా దొరికింది గానీ చాలావాటి మూతలు ఊడదీసి ఉన్నాయి. లోపలి అయస్కాంతాలకి గిరాకీ ఉందట, అల్యూమినియం కిలో లెక్కన పోతుందట. ఎవరెవరి జాతకాలు, పెళ్ళిపత్రికలు, కవితలు ఆ బస్తాలో ఉన్నాయో. చెన్నై వెళ్ళి రిచీ స్ట్రీట్‌లో ఒక మధ్యాహ్నమంతా తిరిగితే 160 జీబీది ఒకటి దొరికింది. తెచ్చి తగిలిస్తే ఆ పాత బోర్డు దాన్ని గుర్తుపట్టే దగ్గరే బిగుసుకుపోయింది. 1999 ప్రాంతపు బయాస్‌లు చాలావాటికి 32 జీబీ దాటితే లెక్క అందదు. దాన్ని తగ్గించి చూపించే జంపరు కొన్ని డిస్కులకి ఉంటుంది, దీనికి లేదు. రెండోది ఆన్‌లైన్లో ‘రీఫర్బిష్డ్’ అని తెప్పించాను, 20 జీబీ. విండోస్ 98 సగం ఎక్కాక బ్యాడ్ సెక్టార్లు. అన్న నా మొహం చూసి టీ తెప్పించాడు.

చివరికి పని చేసింది డిస్కే కాదు. పాత కెమెరాల్లో వాడే కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు, 4 జీబీది. అది లోపల మాట్లాడే భాష ఐడీఈ భాషే. పిన్నులు కలిపే చిన్న అడాప్టరు ఉంటే చాలు, యంత్రం దాన్ని డిస్కనే నమ్ముతుంది. విండోస్ 98, పేజ్‌మేకర్ 6.5, ఫాంట్లు ఎక్కించి, లాకు తగిలించి, ఫైలు తెరిచాం. అన్నకి ఒకటే అసంతృప్తి: “శబ్దమే రాదేంది సార్? కరకరమంటేనే కదా పనిచేస్తా ఉండాదని తెలిసేది.”

కొండ్ర ఉంది. ఆ డొంకరి క్రావడి, నాలుగో కవిత మొదలు పుస్తకం పొడవునా ఉంది. ‘కొండ్ర ముగించి’ ఉంది. లెక్కపెడితే పీడీఎఫ్‌లోని కొండల్లో అయిదు తప్ప అన్నీ కొండ్రలే.

దీనివల్ల ఆయన ఒక్కసారిగా మహాకవి అయిపోలేదు. పుస్తకం చివర్లో ఉన్న కవితలు, ఊరు వదిలిపోయిన పిల్లల మీద రాసినవి, అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు. తొందరగా కన్నీళ్ళలోకి దిగిపోతాడు. కానీ మొదటి సగం వేరే పుస్తకమైపోయింది. నేను పొగిడిన అస్పష్టత పోయింది, నేను చూడని లెక్క కనబడింది. ఒక్కో కవిత ఒక్కో కొండ్ర. మడక మొదలు నుంచి మలుపు దాకా ఒక చరణం, మలుపు దగ్గర విరుపు. చరణాల పొడవు ఎందుకు అలా పెరుగుతూ తరుగుతూ ఉందో రెండేళ్ళ కిందట నాకు తట్టలేదు. పైగా ‘నిర్మాణ శైథిల్యం’ అని ఒక ముద్ర కూడా వేశాను. ఇప్పుడు చూస్తే చేని గట్టు వంకర అది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. తప్పు కన్వర్టర్‌దే అయితే ఇంత బాధ ఉండేది కాదు. ‘కొండ ముగించి’ అన్న చోట ఏ పాఠకుడైనా ఆగాలి. నేనూ ఆగాను. ఆగి, మాట తప్పేమో అని అనుకోకుండా, అర్థం కల్పించాను. అర్థంకాని ప్రతిదానికీ ఒక సిద్ధాంతం తగిలించగలిగే చదువు మనది. ఎవరైనా దున్నేవాణ్ణి ఒక్క ఫోను చేసి అడిగి ఉంటే సరిపోయేది. పీడీఎఫ్ ఎక్కడిది, దేన్నుంచి మార్చారు, ఎవరు దిద్దారు అన్న ప్రశ్న సమీక్షకి పుస్తకం అందుకున్నప్పుడు నేను ఒక్కసారీ వేయలేదు. మీలో సమీక్షలు రాసేవాళ్ళు వేస్తున్నారా?

నిజానికి నేను దుర్గాన్ని వెతకడానికి కారణం ఆ కవి కాదు, నా పాఠ్యపుస్తకాలు. ఉదయగిరి అంటే మనకి కృష్ణదేవరాయలే. 1514లో గజపతుల నుంచి కోట పట్టుకుని, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరం తీసుకెళ్ళి, దానికోసం గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నైలో ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. డిస్కు కోసం వెళ్ళిన రోజు రైలుకి టైముంటే చూసొచ్చాను. పక్కన సంచిలో ఆ పనికిరాని 160 జీబీ. ఇప్పుడు రాయల పేరుతో ఉచిత యూనికోడ్ ఫాంటు కూడా ఉంది, ఆ కవి కొడుకు పీడీఎఫ్‌కి వాడింది అదే. కవిత్వంలో రాయలెక్కడా లేడు.

మిగిలిన అయిదు కొండల్లో నాలుగు నిజంగా కొండలే, సందర్భం చెబుతోంది. అయిదోది ఆఖరి కవితలో ఉంది. కొండ మీద చీకటి పడుతుంది, తండ్రి ఇంకా ఇంటికి రాడు. పాత ఫైల్లోనూ అక్కడ క్రావడి లేదు. కవి అలాగే రాశాడా, డీటీపీ అన్న వేలు ఒక కీ వదిలేసిందా, ప్రూఫులో కవి కన్ను దాటిపోయిందా? ప్రూఫు కాగితాలు లేవు, నోటుపుస్తకం లేదు. అన్నకి గుర్తులేదు. కొడుకు కొండ్ర అనే అంటారు, నాయన చేలో ఉండగానే పొద్దుపోయేదని. నాకు అక్కడ కొండే వినబడుతోంది. కొత్త ప్రతిలో కొండ అనే వేసి, కింద చిన్న అక్షరాల్లో రెండో మాట పెట్టాలని అనుకున్నాం. తమ్ముడిగారిని ఇంకా అడగలేదు.