కనికట్టుకూ కట్టుబాటు ఉంది

పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండు, అమెరికా నాటకశాలలను ఊపేసిన ప్రదర్శన ఒకటుంది. ప్రేక్షకులు ఒక గుండుసూదిని తమకు తోచిన చోట దాచేవారు. కళాకారుడు కళ్లకు గంతలు కట్టుకుని, ఆ చోటు తెలిసిన మనిషి మణికట్టు పట్టుకుని, "నోరు విప్పకండి, సూది ఉన్న చోటునే తలచుకుంటూ ఉండండి" అని చెప్పి నడక మొదలుపెట్టేవాడు. వేదిక దిగి, కుర్చీల వరుసల్లో తిరిగి, తటాలున ఆగి చెయ్యి చాస్తే అక్కడే సూది! వాషింగ్టన్ ఇర్వింగ్ బిషప్, స్టూవర్ట్ కంబర్లాండ్ ఈ విద్యలో దిట్టలు. ఇందులో మంత్రం లేదు. అడుగు తప్పు దారిలో పడితే పట్టుకున్న చేతిలో వెంట్రుకవాసి బిగింపు వస్తుంది. సరైన దారిలో పడితే ఆ బిగువు సడలుతుంది. చెయ్యి అలా గుట్టు చెప్పేస్తోందని ఆ చేతి సొంతదారుకే తెలియదు. తలపు కండరంలోకి దిగి, మనకు తెలియకుండానే కదలికగా మారే ఈ తీరుకు 1852లోనే విలియం కార్పెంటర్ అనే ఆంగ్ల వైద్యుడు 'ఐడియోమోటార్' చర్య అని పేరు పెట్టాడు. జర్మనీలో హాన్స్ అనే గుర్రం గిట్టతో నేల తట్టి లెక్కలు చెబుతోందని లోకమంతా మురిసిపోయినప్పుడు, ఆస్కార్ ఫంగ్‌స్ట్ అనే పరిశోధకుడు 1907లో తేల్చిందీ ఇదే. గుర్రం లెక్క చేయడం లేదు, ప్రశ్న అడిగిన మనిషి తల కదలికను చూస్తోంది. గుట్టు తెలిసింది కదా అని ఎవరైనా ప్రయత్నించి చూడొచ్చు. కానీ కళ్లు మూసుకుని, వందలమంది గుసగుసల మధ్య, పరాయి మనిషి మణికట్టులో ఆ సన్నటి బిగువును పట్టుకోవాలంటే నాడి చూసే వైద్యుడికి ఉండేటంత వేలికొసల శిక్షణ కావాలి.

కంబర్లాండ్ గొప్పతనం సూది దొరకబుచ్చుకోవడంతో అయిపోలేదు. తనకు దివ్యశక్తి ఏదీ లేదని, కండరాల కదలికను చదువుతున్నానని ఆయన బాహాటంగా చెప్పాడు. చెప్పి కూడా సభలను నింపాడు. ఎదుటివాళ్ల మనసు చదివినట్టు చూపించే మెంటలిజం అనే కళను నీతి తక్కెడలో తూచేటప్పుడు నాకు ఆయనే తూకపురాయి. ఆట జరిగినంతసేపూ భ్రమ కల్పించడం తప్పు కాదు, అది ఆ కళకు ప్రాణం. ఆట ముగిశాక ప్రేక్షకుడు ఏ నమ్మకంతో ఇంటికి వెళ్తున్నాడన్నదే అసలు ప్రశ్న. "భలే చేశాడు" అనుకుంటూ వెళ్తే కళ. "ఈయనకు నా గతం తెలుసు, రేపు వెళ్లి భవిష్యత్తు కూడా అడగాలి" అనుకుంటూ వెళ్తే, ఆ ఆట ఎంత నేర్పుగా ఆడినా మోసమే.

ఎదుటి మనిషిని చదివి చెప్పే నేర్పు మనకూ కొత్త కాదు. చాటలో బియ్యం పోయించుకుని, ఇలవేల్పులను తలచి ఎరుక చెప్పే సోదెమ్మ మాటతీరును ఒక్కసారి దగ్గరగా వినండి. "ఇంట్లో ఒక మగమనిషి గురించి నీకు బెంగ ఉంది కదమ్మా" అంటుంది. ఆ 'కదమ్మా'లోనే విద్య అంతా ఉంది. అది ప్రశ్నా, తీర్పా? వినేవాళ్ల కళ్లు చెమర్చితే తీర్పయిపోతుంది. ముఖం చిట్లిస్తే ప్రశ్నగానే మిగిలి, "ఇప్పుడు కాదు తల్లీ, రాబోయే రోజుల్లో" అంటూ పక్కకు తప్పుకుంటుంది. మగమనిషి ఎవరో ఆమె చెప్పదు. భర్తా, కొడుకా, తమ్ముడా అన్నది వినే ఇల్లాలే పూరించుకుంటుంది. పూరించుకున్నది తానేనని సాయంత్రానికి మరిచిపోయి, "మావాడి సంగతి పేరు పెట్టి మరీ చెప్పింది" అని పొరుగింట్లో చెబుతుంది. పాశ్చాత్య మెంటలిస్టులు 'కోల్డ్ రీడింగ్' అనేది దీన్నే. ఇది ఎంత సులువుగా పారుతుందో 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ ఆచార్యుడు తన తరగతిలోనే తేల్చాడు. 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి స్వభావ వర్ణన వారికని చెప్పి కాగితాలు పంచాడు. ఎంతవరకు సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే వర్ణన, అదీ ఒక జ్యోతిషం పుస్తకంలోంచి ఏరిన వాక్యాలు.

సోదెమ్మ విషయంలో ఒక మాట. శేరు బియ్యానికో పాత చీరకో ఊరూరా తిరిగే ఆ నిరుపేద స్త్రీ మీద కత్తి నూరడం నాకు ఇష్టం లేదు. సంశయవాదం పేరుతో ముందుగా ఆమె మీద పడేవారిని చూస్తే చిరాకే వేస్తుంది. ఆమె నేర్పును పట్టుకుపోయి ఏసీ గదుల్లో, టీవీ తెరల మీద, ఫోన్ లైన్ల మీద అమ్ముకుంటున్నవాళ్లు వేరే ఉన్నారు. వశీకరణం, విడిపోయిన ప్రియుడిని రప్పించడం, సంతానప్రాప్తి, కోర్టు కేసు గెలుపు అన్నీ ఒకే ప్రకటనలో! వీళ్లకు సోదెమ్మకున్న చూపు కూడా అక్కర్లేదు. వచ్చే మనిషి ఫేస్‌బుక్ పేజీ ముందే తిరగేస్తే చాలు, పెళ్లిరోజు నుంచి పోయిన తండ్రి పేరు దాకా అన్నీ దొరుకుతాయి. ఒక మహావిద్యకు ఇంతకంటే చవకబారు నకలు ఉండదు. అమెరికాలో పీటర్ పాపాఫ్ అనే మతబోధకుడు నిండు సభలో ముక్కూమొహం తెలియని రోగుల పేర్లు, చిరునామాలు, జబ్బులు చెప్పేవాడు. ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ బృందం 1986లో రేడియో రిసీవర్ పెట్టి వింటే, దేవుడి గొంతుకు బదులు బోధకుడి భార్య గొంతు వినిపించింది. ప్రార్థన చీటీల్లో జనం రాసిచ్చిన వివరాలను ఆమె తెర వెనకనుంచి భర్త చెవిలోని పరికరానికి చదివి వినిపిస్తోంది. అక్కడ కూర్చున్నవాళ్లలో వ్యాధిగ్రస్తులున్నారు. వాళ్ల ఆశతో ఆడిన ఆట అది.

"ఊరట దొరుకుతోంది కదా, నీకేం నష్టం?" అని అడిగేవారున్నారు. తేలిగ్గా తోసేయదగ్గ ప్రశ్న కాదు. పుత్రశోకంలో ఉన్న తల్లికి "నీ బిడ్డ సుఖంగా ఉన్నాడు" అనే మాట మందులాగే పనిచేయవచ్చు. ఇంద్రజాలికుడు హ్యారీ హుడినీ కథ దీనికి జవాబు చెబుతుంది. తల్లి అంటే ప్రాణం పెట్టిన మనిషి, ఆమె పోయాక కుమిలిపోయిన మనిషి. 1922లో అట్లాంటిక్ సిటీలో ఆయన మిత్రుడు, రచయిత ఆర్థర్ కానన్ డాయల్ భార్య, హుడినీ తల్లి ఆత్మ తనలోకి వచ్చిందంటూ పేజీలకు పేజీలు ఉత్తరం రాసిచ్చింది. ఆ దంపతులది దురుద్దేశం కూడా కాదు, నిజంగా నమ్మినవాళ్లు. ఉత్తరం ఇంగ్లిష్‌లో ఉంది, పైన శిలువ గుర్తు ఉంది. హుడినీ తల్లి యూదు మతగురువు భార్య, కొడుకుతో ఇంగ్లిష్‌లో మాట్లాడి ఎరగదు. ఊరట కోసం వెళ్లిన కొడుకు చేతికి వచ్చింది తన తల్లి కాదు, ఎవరో ఊహించుకున్న ఇంకో తల్లి. నకిలీ ఊరట చేసే అన్యాయం ఇదే, చనిపోయినవారి జ్ఞాపకాన్ని కూడా అది కల్తీ చేస్తుంది. ఇక దానికి రుసుము కూడా ఉంటే, ఆ శోకం మానకుండా చూసుకోవడమే చెప్పేవాడికి లాభం. హుడినీ ఆ తర్వాత, ఆత్మలతో మాట్లాడతామని చెప్పుకునే దొంగ మీడియంల వెంటపడ్డాడు. 1926లో వాషింగ్టన్‌లో డబ్బు తీసుకుని జోస్యం చెప్పడాన్ని నిషేధించాలని అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. బిల్లు నెగ్గలేదు. అదే ఏడాది ఆయన కన్నుమూశాడు.

కళాకారుల వైపునుంచి వచ్చే అభ్యంతరం వేరు. "ఇది కనికట్టని ముందే చెప్పేస్తే మజా ఏముంటుంది?" అంటారు. మాయాబజార్‌లో లడ్డూలు వరసకట్టి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తుంటే, అది మార్కస్ బార్ట్‌లే కెమెరా పనితనమని తెలియని తెలుగువాడు లేడు. 1957 నుంచి నేటిదాకా నోరు తెరుచుకుని చూస్తూనే ఉన్నాం. తెలిసి మురిసిపోవడం మనకు చేతగాని పని కాదు. ఆస్ట్రేలియాకు చెందిన పిడింగ్టన్ దంపతులు 1949లో బీబీసీ రేడియోను ఒక ఊపు ఊపారు. సిడ్నీ పిడింగ్టన్ సింగపూర్ చాంగీ యుద్ధఖైదీల శిబిరంలో ఈ ఆటకు పదును పెట్టుకున్నాడు. స్టూడియోలో ఎంపిక చేసిన వాక్యాన్ని, లండన్ టవర్‌లో కూర్చున్న భార్య లెస్లీ చెప్పేసింది! అయినా ఇది టెలిపతీ అని వాళ్లు అనలేదు, కాదనీ అనలేదు. తీర్పు మీదేనని శ్రోతలకు వదిలేశారు. వాళ్ల ప్రతిభకు చేతులెత్తి మొక్కుతాను. ఆ మౌనాన్ని మాత్రం ఒప్పుకోలేను, నమ్మినవాళ్లను ఆ భ్రమలోనే వదిలేసిన మౌనం అది. మన సుహానీ షా వాళ్లకంటే ఒక అడుగు ముందుంది. ఏడేళ్లకే వేదికెక్కిన ఈ ఉదయ్‌పూర్ అమ్మాయి, టీవీ యాంకర్ల మనసులోని పేర్లు చెప్పి, అదే నోటితో ఇది దైవశక్తి కాదు, సాధనతో వచ్చిన కళ అని చెబుతుంది. ఆ మాట వల్ల ఆమె సభలు ఖాళీ కాలేదు. 2025లో ఇటలీలోని టొరీనోలో జరిగిన ప్రపంచ ఇంద్రజాల పోటీల్లో బహుమతి కూడా అందుకుంది.

అయితే నిజాయతీ ముసుగులో ఇంకో అబద్ధం చొరబడుతోంది. "నాకు శక్తులేవీ లేవు, మీ కనురెప్ప కదలికను బట్టి మీ ఏటీఎం పిన్ చెప్పాను" అనేవాళ్లు పెరిగారు. ఏ కనురెప్పా అంకెలు చెప్పదు. అది పాత దయ్యానికి తొడిగిన కొత్త కోటు. బ్రిటిష్ మెంటలిస్టు డెరెన్ బ్రౌన్ అంటే నాకు వల్లమాలిన అభిమానం. మేజిక్, సూచన, మనస్తత్వశాస్త్రం, దృష్టి మళ్లింపు, ప్రదర్శనా చాతుర్యం అన్నీ కలిపి వాడతానని మొదట్లోనే చెప్పుకున్న మనిషి. అటువంటివాడు 2009లో బ్రిటన్ లాటరీ అంకెలను ముందే చెప్పినట్టు చూపించి, ఇరవై నలుగురి అంచనాల సగటుతో సాధ్యమైందని వివరణ ఇచ్చాడు. లాటరీ బంతులు ఎవరి సగటునూ వినవు. దేవుడి పేరు చెప్పి నమ్మించడం తప్పయితే, సైన్స్ పేరు చెప్పి నమ్మించడం ఒప్పెలా అవుతుంది? గుట్టు విప్పమని ఎవరూ అడగరు, విప్పకూడదు కూడా. "ఎలా చేశానో చెప్పను, ఇది ఆట" అంటే సరిపోతుంది.

రాండీ తన శిష్యులకు పెట్టిన నియమం ఇంతకంటే సూటిగా ఉంటుంది. 1979లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధనాలయానికి ఇద్దరు కుర్ర ఇంద్రజాలికులను ఆయన అతీంద్రియ శక్తులున్నవాళ్లుగా పంపాడు. స్టీవ్ షా, మైకేల్ ఎడ్వర్డ్స్ వాళ్ల పేర్లు. స్టీవ్ షానే నేడు బనాచెక్ పేరుతో పేరుమోసిన మెంటలిస్టు. చెంచాలు వంచారు, పరిశోధకులను ఏళ్లతరబడి తికమకపెట్టారు. వాళ్లకు గురువు పెట్టిన షరతు ఒక్కటే: "మీరు ట్రిక్ చేస్తున్నారా?" అని ఎవరైనా సూటిగా అడిగిన క్షణం అవునని ఒప్పుకోవాలి. 1983లో రాండీయే విలేకరుల సమావేశం పెట్టి బయటపెట్టేదాకా వాళ్లను ఆ మాట ఎవరూ అడగలేదు. మన ఊళ్లో మనసు చదివే సభ జరిగినా, మన గుమ్మంలోకి గతం చెప్పే మనిషి వచ్చినా, మీరు ఆ ప్రశ్న అడగండి. రుసుము ఇవ్వకముందే, నలుగురి ఎదుట, గట్టిగా అడగండి.