కాష్ఠకోమలికి కన్నీటి కబురు

పలకల మార్కాపురం ఠాణా వాకిట, గిద్దలూరు గిరిసీమల గుమ్మంలో, కంభం చెరువు కట్టపై కావలి కాసిన కానిస్టేబుల్ భుజాన ఒదిగి ఒరిగిన ఓ దారుదేహమా! త్రీనాట్‌త్రీ తుపాకి అని నిన్ను అంకెలతో పిలిచారే తప్ప, అక్రోటు వనంలో ఆకులల్లాడించిన నీ అసలు జన్మ ఏమిటని అడిగినవారెవరు? మంచుగాలి మేసి, వలయవలయంగా వయసు రాసుకుని, రంపపు కోరలకు తలవంచి, కలకత్తా చెంత ఇషాపూర్ కర్మాగారంలో ఉక్కు చేయి పట్టుకుని, ఈ నల్లమల నీలినీడల అంచుకు కాపురానికి వచ్చిన కోడలివి కదా నువ్వు!

కాష్ఠకోమలీ, కనుమరుగైతివా!

ఉక్కుకూ నీకూ మనువు కుదర్చడం ఉత్త చేతిపనా? అది ఉలి చేసే ఉపాసన. ఇనుప ఒడలికి దీపపుమసి పలచగా పూసి, నీ ఎదపై మెత్తగా ఆనించి, ఎత్తి చూసి, ఎక్కడ నల్లమచ్చ నిలిచిందో అక్కడ మాత్రమే పొట్టుపొరంత చెక్కి, మళ్లీ ఆనించి, మళ్లీ ఎత్తి, మళ్లీ చెక్కి, బోల్టు పెట్టె వెనుక కొసన ఇరుపక్కలా సరిసమంగా ఆనేదాకా సాగే ఆ సహనసంధానం! ఒక పక్క వెంట్రుకవాసి ఎక్కువ ఆనిందా, తూటా దారి తప్పేది; పేలిన ప్రతిసారీ వెనక్కి తన్నే తాకిడికి నీ మేను చీలేది. ఆపై అవిసెనూనె పోసుకుని అరచేయి వేడెక్కేదాకా రుద్దితే, నిద్రాణమైన నీ నారల్లో తేనెవన్నె తరంగాలు తలెత్తేవి. నీ మడమన ఇత్తడి పలక, ఆ పలకకో చిట్టి తలుపు, తలుపు వెనుక దాచిన నూనెబుడ్డి, గొట్టం తుడిచే తాడు! ఎంత పొందికైన ఇల్లాలివమ్మా!

కాష్ఠకోమలీ, కనుమరుగైతివా!

1907లో మార్క్ త్రీగా అవతరించిన ఆ తుపాకుల వంశంలో, భుజానికి ఆనే నీ బట్టుపై ఒక అక్షరం అచ్చొత్తేవారు: పొట్టిదానికి ఎస్, పొడుగుదానికి ఎల్. ప్రాణాలు తీయడానికే పుట్టిన ఆ యంత్రంలో, పట్టుకునే మనిషి చేయి పొడవెంతని అడిగిన అవయవం నువ్వొక్కతివే! నేడు నీ చోట నల్లని ప్లాస్టిక్. ఎండకు ఎండదు, వానకు ఉబ్బదు, అచ్చులో పోస్తే అన్నీ ఒక్క తీరే. పనికి అదే మేలు, కాదనను. నీతో కూడిన నాలుగు కిలోల తుపాకిని మోసిన పోలీసునడిగితే పీడ విరగడైందనే అంటాడు. అయినా ఆ నునుపులో నార లేదు, నాడి లేదు, నాటి నీ నూనెవాసన లేదు.

నీ గాథ నిర్మలమని చెప్పను. ఠాణాల నుంచి నిన్ను ఎత్తుకుపోయిన చేతులూ, నిన్నెత్తి అడవికి గురిపెట్టిన చేతులూ, రెండూ ఈ పల్లెతల్లుల బిడ్డలవే. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చల కోసం నక్సలైట్ అన్నలు చిన్నారుట్ల దగ్గర అడవి దిగి వచ్చిననాడు ఈ సీమ ఎంత ఆశపడింది! ఆ ఆశ ఆవిరయ్యాక ఎన్ని గడపల్లో గాజులు పగిలాయి! నీ చెంప నెత్తుటితో తడిసిందనీ తెలుసు. నా ఏడుపు తూటా కోసం కాదు. తూటాకు తోడుగా బలవంతాన పంపిన తరువు కోసం, ఆ తరువును తీర్చిన చేయి కోసం.

కాష్ఠకోమలీ, కనుమరుగైతివా!

2020 గణతంత్ర దినాన ఉత్తరప్రదేశ్ పోలీసులు నిన్ను కవాతులో నడిపించి మరీ సాగనంపారు. మన ఆయుధాగారాల అధికారులారా, ఇనుమును కరిగించుకోండి, అడ్డు చెప్పను. కొయ్యను మాత్రం పొయ్యికి పంపకండి. ఉలి పట్టడం నేర్చుకునే పిల్లల చేతికి ఒక్కటైనా ఇవ్వండి.