గీతకు పొడవుండదు, తీగకుంటుంది

ఎక్కడో చెరువుగట్టు మీద పిడుగు పడితే మన హాల్లో టీవీ పోతుంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడడమంటే ఇదే. ఇళ్లకు సర్జ్ ప్రొటెక్షన్ డిజైన్ చేయడం నా వృత్తి. సగం పని కంప్యూటర్ మీదే నడుస్తుంది. అక్కడ ఎన్ని పిడుగులు వేసినా ఏదీ కాలదు, ఎవరికీ ఖర్చు కాదు.

ఈ వెసులుబాటు 1973లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన స్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ ప్రోగ్రాం పుణ్యమే. పిడుగు దెబ్బకూ ఒక లెక్కుంది. పరీక్షల్లో వాడే తరంగంలో కరెంటు 8 మైక్రోసెకన్లలో శిఖరానికి ఎగబాకి, మొదలైన 20 మైక్రోసెకన్లకు సగానికి దిగుతుంది. దాన్ని కాచుకునేది వేరిస్టర్ అనే జింక్ ఆక్సైడ్ బిళ్ల. 230 వోల్టుల దగ్గర కిమ్మనదు. వోల్టేజి హద్దు మీరితే తనే దారిచ్చి కరెంటును పక్కకు మళ్లిస్తుంది.

చిక్కంతా తీగతోనే. తెర మీద గీసిన గీతకు పొడవుండదు, గోడలో తీగకుంటుంది. మీటరు తీగకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్. 3,000 ఆంపియర్లు 8 మైక్రోసెకన్లలో పెరిగితే ఆ మీటరు మీదే సగటున 375 వోల్టులు పుడతాయి. వేరిస్టర్ దగ్గర మిగిలిన వోల్టేజికి అవీ తోడై టీవీ మీద పడతాయి. ప్రొటెక్టర్ తీగలన్నీ కలిపి అర మీటరు దాటొద్దని ప్రమాణాలు చెప్పేది ఇందుకే. మన ఎలక్ట్రీషియన్లేమో ‘రేపు పనికొస్తుంది సార్’ అంటూ మిగులు తీగను చుట్టలు చుట్టి బోర్డులో దోపేస్తారు. నేను టేపు పెట్టి ఆ చుట్టను కూడా కొలిచి, అంత ఇండక్టర్‌ను సర్క్యూట్లో పెట్టాకే సిమ్యులేషన్ నడుపుతాను.

న్యూట్రల్ తెగితే కథ వేరు. వోల్టేజి 400 వైపు వెళ్లి నిమిషాల తరబడి అక్కడే కూర్చుంటుంది. మైక్రోసెకన్ల దెబ్బ ఓర్చుకున్న బిళ్ల ఆ వేడికి మాడిపోతుంది. అక్కడ కావాల్సింది ఓవర్‌వోల్టేజికి లైను కట్ చేసే రిలే. పిడుగు పరీక్ష ఒక్కటే చేసి ఊరుకుంటే కంప్యూటర్ ఈ మాట చెప్పదు. అడిగినదానికే అది జవాబిస్తుంది.

కాబట్టి ప్రొటెక్టర్ పెట్టించేటప్పుడు బ్రాండు కన్నా ముందు తీగ ఎంత పొడవు పెడుతున్నారో అడగండి. మిగులు తీగ కత్తిరించమనండి. ఎర్తింగ్ చెక్ చేయించండి. బల్బులు ఉన్నట్టుండి మరీ ప్రకాశంగా వెలిగితే మాత్రం కారణాలు వెతక్కుండా ముందు మెయిన్ ఆపేయండి.