పౌరోహిత్యం ఎవరి హక్కు? – ఒక బెంగాలీ చిత్రం

వివాహం జరిపించే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు మన చట్టాలలో ఒకే సమాధానం లేదు. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ఆ అధికారం గలవారిని వర్గాలుగా పేర్కొన్నది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం క్రింద వివాహాధికారి సమక్షం తప్పనిసరి. 1880 నాటి ఖాజీల చట్టం పెళ్ళికి ఖాజీ ఉండి తీరాలని అర్థం చేసుకోరాదని స్పష్టం చేసింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ వధూవరులలో ఒకరి ఆచారం ప్రకారం వివాహం జరగాలన్నదే తప్ప, పురోహితుని ఊసే ఎత్తలేదు.

ఈ మౌనాన్ని దృష్టిలో ఉంచుకొని చూడదగిన చిత్రం, అరిత్ర ముఖర్జీ దర్శకత్వంలో 2020లో విడుదలైన ‘బ్రహ్మా జానేన్ గోపోన్ కొమ్మోటి’. కోల్‌కతాలో వివాహాలు జరిపించే సంస్కృత పండితురాలు నందినీ భౌమిక్ జీవితం దీనికి ప్రేరణ. రితాభరీ చక్రవర్తి పోషించిన శబరి అధ్యాపకురాలు, పురోహితురాలు. ఆచారపరాయణమైన అత్తవారింట తన పౌరోహిత్యాన్ని దాచవలసి వస్తుంది. స్త్రీకి రుతుధర్మం కారణంగా అంటగట్టిన అశౌచాన్ని ప్రశ్నించడంలో చిత్రం చూపిన ధైర్యం ప్రశంసనీయం.

అయితే సంఘర్షణ ప్రధానంగా కుటుంబపు గడప లోపలే నడుస్తుంది. అందువల్ల ఆమె ఏదో నిషేధాన్ని ధిక్కరిస్తున్నదన్న భావన ప్రేక్షకునికి మిగులుతుంది. నిజానికి ఆమెను అడ్డగించే చట్టం లేదు, అడ్డగించేది అలవాటు. ఈ భేదాన్ని విస్మరించడమే చిత్రంలోని ప్రధాన లోపం.

ఈ నగరానికి ఆ భేదం కొత్త కాదు. బ్రహ్మసమాజ పద్ధతిలో జరిగిన పెళ్ళిళ్ళ చెల్లుబాటుపై సందేహం తలెత్తినప్పుడు, కేశవచంద్ర సేన్ కృషి ఫలితంగా 1872లో మూడవ చట్టం వచ్చింది. రిజిస్ట్రారు సమక్షంలో జరిగే ఆ వివాహానికి మూల్యం, తాము హిందువులము కామని వధూవరులు ప్రకటించడం. ఆది బ్రహ్మసమాజం దీనిని వ్యతిరేకించింది. ఆరేళ్ళకే, 1878లో, సేన్ కుమార్తె సునీతీదేవి వివాహం ఆ చట్టం విధించిన వయస్సు నిండకముందే కూచ్ బిహార్ మహారాజుతో, బ్రాహ్మణ పురోహితుల ఆధ్వర్యంలో జరిగింది. అదే సంవత్సరం మే 15న సాధారణ బ్రహ్మసమాజం విడివడింది. చట్టాన్ని సాధించినవారికి సైతం ఆచారాన్ని దాటడం ఎంత కష్టమో ఈ ఉదంతం తెలుపుతుంది.

తెలుగు పాఠకునికి ఇక్కడ ‘కన్యాశుల్కం’ స్ఫురించక మానదు. 1892లో ప్రదర్శితమైన ఆ నాటకంలో లుబ్ధావధాన్లకు ఆడవేషంలోని కుర్రవానితో పెళ్ళి జరుగుతుంది. తంతుకు లోటు లేదు, లేనిది వివాహమే. పెళ్ళికి ప్రాణం జరిపించేవారిలో లేదని గురజాడ నవ్విస్తూనే నిరూపించారు.

అలాగని తంతును తేలికగా కొట్టివేయరాదు. ద్వంద్వ వివాహ నేరం ఆరోపించిన కేసులో, రెండవ పెళ్ళిలో అవసరమైన క్రతువులు జరిగినట్లు రుజువు కాలేదన్న కారణంతో 1965లో సుప్రీంకోర్టు శిక్షను రద్దుచేసింది. అంటే తంతుకు సాక్ష్యం లేనప్పుడు నష్టపోయేది తరచు మొదటి భార్యే. నందినీ భౌమిక్ తన పద్ధతిలో కన్యాదానాన్ని విడిచిపెట్టారు. వివాహానికి కన్యాదానం అనివార్యం కాదని 2024లో అలహాబాదు హైకోర్టు కూడా పేర్కొన్నది. కనుక పురోహితురాలు జరిపిన పెళ్ళి చెల్లుతుందా అన్నది అసలు ప్రశ్న కాదు. ఏ క్రతువు ఉండాలి, ఏది పోవచ్చు, దానికి సాక్షులెవరు అన్నవే విచారణీయాలు.

శబరి కథ ఆ ప్రశ్నల వాకిటి దాకా వచ్చి ఆగింది. అక్కడి దాకా తెచ్చినందుకు చిత్రాన్ని అభినందించాలి. లోపలికి అడుగుపెట్టవలసిన బాధ్యత రాబోయే రచయితలది, రిజిస్ట్రేషన్ పుస్తకం ముందు కూర్చునే మా వంటి ఉద్యోగులది కూడా.