భూమి విలువ – పని విలువ: అమరావతి నగర రూపకల్పనపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: నగర భవిష్యత్తును ఆర్థిక శక్తులు, రూపకల్పన కలిసి నిర్ణయిస్తాయి. అమరావతి ప్రణాళికలో భూమి ధరకు దక్కిన ప్రాధాన్యం ఉపాధికి దక్కలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అమరావతి, భూసమీకరణ, జరీబు భూములు, నవనగరాలు, శ్రామిక మార్కెట్.

1. ఉపోద్ఘాతం

నగరం ప్రధానంగా ఒక శ్రామిక మార్కెట్ అని ప్రణాళికావేత్త అలాన్ బెర్టో 'ఆర్డర్ వితౌట్ డిజైన్' (2018) గ్రంథంలో వాదించారు. పని కోరేవారు, పని ఇచ్చేవారు సులువుగా కలుసుకోగలిగితేనే నగరం ఎదుగుతుందని ఆయన వాదసారం. ఈ కొలమానంతో అమరావతిని పరిశీలించవచ్చు.

2. సమీకరణ గణితం

2015లో మొదలైన భూసమీకరణలో రైతులు 33 వేల ఎకరాలకు పైగా అప్పగించారు. మెట్ట ఎకరానికి 1,000 చదరపు గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. జరీబు ఎకరానికి వాణిజ్య స్థలం 450 గజాలు. ఎకరం 4,840 గజాలు కనుక రైతుకు తిరిగి దక్కేది వరుసగా సుమారు 26, 30 శాతం. పదేళ్ల వార్షిక కౌలు దీనికి అదనం.

రెవెన్యూ లోటుతో మొదలైన రాష్ట్రానికి ఇది ఆచరణయోగ్యమైన మార్గమే. అయితే తిరిగి వచ్చే స్థలం విలువ రాబోయే నగరంపైనే ఆధారపడింది. రైతుకు నష్టభయంలో వాటా వచ్చింది కాని, నిర్ణయాధికారంలో రాలేదు. 2019 తరువాత పనులు నిలిచిపోయినప్పుడు ఈ లోపం బయటపడింది. అభివృద్ధి చేసిన స్థలాలను మూడు నెలల్లో అప్పగించాలని 2022 మార్చిలో హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

3. నవనగరాలు – వ్యవసాయ కూలీలు

217 చదరపు కిలోమీటర్ల నగరాన్ని ప్రభుత్వ, న్యాయ, ఆర్థిక, విజ్ఞాన నగరాలు మొదలుకొని తొమ్మిదిగా విభజించారు. ఏ పని ఎక్కడ జరగాలో పటం ముందే నిర్ణయించింది. కాని అంతవరకు అక్కడ జరుగుతున్న పనికి ఆ పటంలో చోటు లేదు. కృష్ణాతీరపు జరీబు నేలల్లో కూరగాయలు, పూలు, అరటి పండేవి. యజమానికి ఆ నేల ఆస్తి. కూలీకి అది పనిదినాలు. కొత్త ఉపాధి రాకముందే పాతది పోయింది. భూమిలేని కుటుంబాలకు తొలుత నిర్ణయించిన నెలకు 2,500 రూపాయల పింఛను ఆదాయంలో కొంత లోటు పూడ్చగలదు. పనిని తిరిగి తేలేదు. వార్షిక కౌలు సైతం పేరుకే కౌలు. అది చేరింది కౌలుదారుకు కాదు, భూయజమానికి.

నగరం పూర్తయితే ఉపాధి పెరుగుతుందన్న ప్రతివాదం సమంజసమే. కాని రోజుకూలిపై బతికే కుటుంబం అన్నేళ్లు ఎదురుచూడలేదు.

4. ముగింపు

భూసమీకరణ భూయజమానిని భాగస్వామిగా గుర్తించింది, శ్రామికుని లబ్ధిదారుగా మాత్రమే చూసింది. 2024లో నిర్మాణం తిరిగి ఊపందుకున్నందున ఈ భేదాన్ని సవరించే అవకాశం ఇంకా ఉంది. ప్రతి దశలో ఎన్ని ఎకరాలు అభివృద్ధి అయ్యాయన్నదానితోపాటు, ఆ 29 గ్రామాల కూలీలలో ఎందరికి పని దొరికిందో కూడా లెక్కించాలి. ఆ లెక్క లేనిదే నగర ప్రణాళికను ఆర్థికంగా సమగ్రమని చెప్పలేము.