జంట యంత్రము: రీమస్ పద్ధతిపై విమర్శ

ఒక కంప్యూటరులోనే ప్రోగ్రాము సహాయముతో పెక్కు కంప్యూటర్లను కల్పించి నడుపవచ్చును. వీటిని కల్పిత యంత్రములు అందురు. వీటిని మోయుచున్న అసలు కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోయినచో లోపలి పని ఏమగును? కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన బ్రెండన్ కల్లీ, ఆండ్రూ వార్‌ఫీల్డ్ మొదలగువారు 2008లో దీనికొక సమాధానము ప్రకటించిరి. పద్ధతి పేరు రీమస్. రోము నగర కథలోని కవలలలో చంపబడినవాని పేరు రక్షణ పద్ధతికి ఏల పెట్టిరో!

సెకనుకు 40 సార్ల వరకు యంత్రమును క్షణకాలము నిలిపి, గత నకలు తరువాత మారిన మెమరీ పుటలను మాత్రమే రెండవ కంప్యూటరుకు పంపుదురు. అవి చేరకముందే మొదటి యంత్రము తిరిగి పనిలో పడును. కాని నకలు చేరినట్లు కబురు వచ్చువరకు బయటివారికి పోవలసిన జవాబులను గుమ్మము దాటనీయరు. రెండవ ఖాతా పుస్తకములో పద్దు పడినదని తెలిసిన పిమ్మటనే గుమాస్తా రసీదు చేతికిచ్చినట్లన్నమాట. మొదటి యంత్రము కూలినను, బయటి ప్రపంచమునకు ఇచ్చిన మాట తప్పదు. పత్రమునకు ప్రాణము ఈ నియమమే. వేగముగా నకలు తీయుట దీని తరువాతి సంగతి.

ఖరీదును రచయితలు దాచలేదు. సెకనుకు 20 నకళ్లు తీసినప్పుడు లినక్సు కెర్నెలును కంపైలు చేయు పనిపై సుమారు 50 శాతము అదనపు భారము పడినది. వెబ్ సర్వరు మాత్రము సహజ వేగములో నాల్గవవంతుకు కొంచెము పైగానే నడిచినది. గుమ్మము వద్ద ఆపినందుకు చెల్లించిన మూల్యమిది.

ఇవి పక్కపక్కనున్న కంప్యూటర్ల లెక్కలు. వరద, భూకంపముల నుండి రక్షణ కావలెనన్నచో రెండవది వేరొక ఊరిలో ఉండవలెను. ఆప్టికల్ ఫైబరులో కాంతి వేగము సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. 1,000 కిలోమీటర్ల దూరము పోయి వచ్చుటకే 10 మిల్లీసెకన్లు పట్టును. ఏ ఇంజనీరు నేర్పును దీనిని తగ్గింపలేదు. ఆ బృందమువారే 2012లో సెకండ్‌సైట్ అను పేర దీనిని దూరప్రాంతములకు విస్తరించి, పంపు మార్పులను కుదించిరి. నడుమ తీగ తెగినప్పుడు రెండు యంత్రములును తామే మిగిలితిమని భ్రమింపకుండ మధ్యవర్తులను కూడ ఏర్పరచిరి.

అయినను మూలములోని చిక్కు తీరలేదు. లోపల నడచునది ఏమిటో రీమస్ అడుగదు. అందుచేతనే పాత ప్రోగ్రాములకు మార్పు లేకుండగనే రక్షణ లభించును. అందుచేతనే క్షణములో పారవేయదగు తాత్కాలిక లెక్కలను కూడ మోయవలసివచ్చును. వందల యంత్రములు ఒకే తీగను పంచుకొన్నప్పుడు ఈ బరువు చిన్నది కాదు. ఇక ప్రోగ్రాములోని తప్పు, పొరపాటున చెరిపిన ఫైలు అంతే నమ్మకముగా రెండవ ఊరికి చేరును. వాటి కొరకు పాత తేదీల నకళ్లను విడిగా దాచుకొనవలసినదే.